చివరి బంతికి కూర మిగలాలి: విమాన వంటశాలలో నా మొదటి ఆరు నెలలు

ఈ ఏడాది, అంటే 2025 మార్చి 3న శంషాబాద్‌లో ఒక విమాన వంటశాలలో చేరాను. ఆరు నెలల ప్రొబేషన్ నిన్నటితో ముగిసింది. చేరిన రోజు నుంచి బాలానగర్, షాద్‌నగర్, జడ్చర్ల వైపు నుంచి ఎంతమంది అమ్మాయిలు ఫోను చేశారో! అందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కా, అక్కడ వంట చేయాలా?" నేను వంట చేయను. విమానంలో ముందు భాగంలో, బిజినెస్ క్లాసులో కూర్చునేవాళ్ళకు ఎన్ని భోజనాలు ఎక్కించాలో లెక్క చూసే బల్ల దగ్గర పని చేస్తాను. ఆ లెక్క ఎలా కుదురుతుందో, కుదరనప్పుడు ఏమవుతుందో, అసలు ఉద్యోగం రావడానికి ఎన్ని రోజులు పట్టిందో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇంటర్వ్యూ జనవరి 22న. చీకటితోనే లేచి హైవే మీదికి వచ్చి బస్సు ఎక్కాను. అక్కడికి చేరేసరికి నాకు ముందే నలభై మంది ఉన్నారు. నా వంతు మధ్యాహ్నం రెండున్నరకు వచ్చింది. నా కాగితంలో తండ్రి వృత్తి దగ్గర 'పెళ్ళి వంటలు' అని ఉండటం చూసి, అప్పటిదాకా ఇంగ్లిష్‌లో అడుగుతున్న సారు తెలుగులోకి దిగారు. "రెండు వందల మంది వస్తారని చెబితే మీ నాన్న ఎంతమందికి వండుతారు?"

చిన్నప్పటి నుంచి చూసిందే కాబట్టి తడుముకోలేదు. "ముందు ముహూర్తం ఎప్పుడని అడుగుతాడు సార్. అర్ధరాత్రి ముహూర్తమైతే సగం మంది తినకుండానే నిద్రపోతారు. పెళ్ళి సొంత ఊళ్ళో అయితే చెప్పినదాని కంటే ఇంటికి ఇద్దరు ఎక్కువే వస్తారు. దూరం నుంచి బస్సు కట్టుకుని రావాలంటే వస్తామన్నవాళ్ళలోనూ కొందరు ఆగిపోతారు. అన్నీ చూసుకుని ఒక లెక్క వేస్తాడు. ఎంత వేసినా, చివరి బంతి లేచేదాకా ఒక గిన్నెడు కూర మూతపెట్టి పక్కన ఉంచుతాడు."

సారు పెన్ను కింద పెట్టి విన్నారు. "ఇక్కడి పనీ ఇదే. కాకపోతే బంతి మన కళ్ళముందు కూర్చోదు" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు జూలై దాకా పట్టింది.

తొమ్మిది రోజులకు, జనవరి 31న ఫోను వచ్చింది. ఆ తర్వాతే అసలు తిరుగుడు మొదలైంది. ముందు వైద్య పరీక్షలు: రక్తం, మలం, ఛాతీ ఎక్స్‌రే, ఆపైన టైఫాయిడ్ టీకా. 1,850 రూపాయలు నా చేతి నుంచే పెట్టుకున్నాను, మొదటి జీతంతో తిరిగి ఇచ్చారు. తర్వాత పోలీసు విచారణ. కానిస్టేబుల్ మా ఇంటి అడ్రసు అడుగుతూ వీధిలోకి రాగానే చుట్టుపక్కలవాళ్ళు గుమికూడారు. అమ్మ భయపడి నాకు మూడుసార్లు ఫోను చేసింది. విమానాశ్రయంలో ఉద్యోగానికి అందరికీ ఈ విచారణ ఉంటుందని ఇంట్లో ముందే చెప్పి ఉండవలసింది. మీరు చెప్పి పెట్టండి. విచారణ కాగితం రావడానికి 24 రోజులు పట్టింది.

షాద్‌నగర్ వైపువాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు షాద్‌నగర్ మహబూబ్‌నగర్ జిల్లా నుంచి రంగారెడ్డిలోకి వెళ్ళింది కదా. నాతో పాటు ఎంపికైన ఒక అమ్మాయికి పదో తరగతి సర్టిఫికెట్లలో మహబూబ్‌నగర్ జిల్లా అని, ఆధార్‌లో రంగారెడ్డి జిల్లా అని ఉంది. రెండూ ఒకే ఇల్లని నిరూపించుకోవడానికి ఆ పిల్ల తహసీల్దారు కార్యాలయం చుట్టూ పదిహేడు రోజులు తిరిగింది. ఆ పదిహేడు రోజుల జీతం పోయింది. ఆ కాగితం ముందే చేయించి దగ్గర పెట్టుకోండి.

విమానం దగ్గరికి వెళ్ళడానికి పౌర విమానయాన భద్రతా విభాగం ఇచ్చే ప్రవేశ అనుమతి కార్డు వేరే ఉంటుంది. నాకది జూన్ 9న చేతికొచ్చింది. అప్పటిదాకా వంటశాల గడప దాటలేదు.

మొదటి ఐదు వారాలు ట్రేలు సర్దాను. గాజులు, బొట్టు, కమ్మలు, గోరింటాకు ఏవీ ఉండకూడదు. జుట్టు మొత్తం జాలీలోకి వెళ్ళాలి. ఫోను లాకర్లో పెట్టాలి. ట్రేలు సర్దే గది చల్లగా ఉంటుంది, మొదటి రెండు రోజులు వేళ్ళు కొంకర్లు పోయాయి. లోపల స్వెట్టర్ వేసుకోవాలని ఎవరూ ముందు చెప్పలేదు. వేలు తెగితే నీలం రంగు ప్లాస్టర్ వేస్తారు. తినే పదార్థాల్లో నీలం రంగు దాదాపు ఉండదు కాబట్టి, అది ఊడి పడినా వెంటనే కనబడుతుందట.

బిజినెస్ క్లాసు ట్రే ఎలా ఉంటుందో ఒక్కసారి చెప్పాలి, తర్వాత జరిగిందంతా దాని చుట్టూనే ఉంది. మెత్తని తెల్లగుడ్డ పరచాలి. పింగాణీ పళ్ళెంలో చల్లని మొదటి వంటకం, గాజు గిన్నెలో తీపి, వెన్న, ఉప్పు, మిరియాలు, రుమాల్లో చుట్టిన స్టీలు చెంచాలు. ఏది ఎక్కడ ఉండాలో గోడ మీద రంగుల ఫోటో ఉంటుంది. ఉప్పు డబ్బీ ఎడమ పైమూలన ఉండాలంటే అక్కడే ఉండాలి. వేడిగా తినే అసలు వంటకం ఈ ట్రేలో ఉండదు. దాన్ని లోపలి భాగం 75 డిగ్రీలకు చేరేలా వండి, వెంటనే బ్లాస్ట్ చిల్లర్‌లో పెట్టి 5 డిగ్రీల లోపుకు దించి, విడిగా పంపుతారు. ఆకాశంలో ఓవెన్‌లో మళ్ళీ వేడి చేసి వడ్డిస్తారు. అంటే ఒక మనిషి భోజనం రెండు లెక్కల్లో నడుస్తుంది: ట్రేల లెక్క, వేడి వంటకాల లెక్క. ఇది గుర్తుపెట్టుకోండి.

ఏప్రిల్ 7న నన్ను లెక్కల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నేర్పిన మేడమ్‌కు ఆ పనిలో పదమూడేళ్ళ అనుభవం. ఆ బల్ల మీద ప్రతి విమానసంస్థకూ ఒక ఫైలు ఉంది. ఎన్ని ఎక్కించాలో నిర్ణయించేది వంటశాల కాదు, విమానసంస్థ. ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. ఒకరు మనిషి ఉన్నా లేకపోయినా సీట్లన్నిటికీ ఎక్కించమంటారు. ఇంకొకరు బుకింగ్ అయినవాటికి రెండు కలిపి పంపమంటారు. మరొకరు ఆఖరి సంఖ్య వచ్చేదాకా ట్రాలీ మూయవద్దంటారు.

నేను చూసే విమానం తెల్లవారుజామున 3.50కి బయల్దేరి విదేశానికి వెళ్తుంది. దాని బిజినెస్ క్లాసులో 30 సీట్లు. మూడు రోజుల ముందు మొదటి అంచనా వస్తుంది. చేపలు, మాంసం ఫ్రీజర్ నుంచి తీసి గడ్డ వదిలించాలి కదా, అది దానికోసం. 24 గంటల ముందు బుకింగుల సంఖ్య, స్పెషల్ మీల్స్ (ప్రయాణికులు తమకు ఫలానాది కావాలని ముందే చెప్పుకునే భోజనాలు) పేర్లు వస్తాయి. మధ్యాహ్నానికి వంట లెక్క స్థిరపడుతుంది. రాత్రి ఎనిమిదికి ట్రేలు సర్దడం మొదలు. ఒంటిగంట ఇరవైకి ట్రక్కు వంటశాల వదులుతుంది. ఆ తర్వాత సంఖ్య మారితే చిన్న బండిలో అదనంగా పంపాలి, దాన్ని టాప్ అప్ అంటారు.

మొదటి వారంలోనే మేడమ్‌ను అడిగాను. "30 సీట్లున్నప్పుడు 30 పెట్టేస్తే ఈ తిప్పలు ఉండవు కదా మేడమ్?"

ఆవిడ నన్ను వెంటబెట్టుకుని పాత్రలు కడిగే విభాగానికి తీసుకెళ్ళింది. అప్పుడే దిగిన ఒక విమానం ట్రాలీలు తెరుస్తున్నారు. రేకు కూడా తీయని డబ్బాలు, చెంచా తగలని తీపి గిన్నెలు. ఒక కుర్రాడు ఒక్కొక్కటీ తీసి నల్లసంచీలోకి వంపుతున్నాడు. విమానం ఎక్కి వచ్చినదాన్ని ముట్టుకోకపోయినా తిరిగి వాడకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. మా ఇంట్లో పెళ్ళివంట మిగిలితే రాత్రికి రాత్రే గిన్నెలు పట్టుకుని వీధంతా పంచేవాళ్ళం. ఆ సంచీ చూసి నాకు ఆ రోజు అన్నం సహించలేదు. దానికి తోడు బిజినెస్ క్లాసు భోజనం ఖరీదు ఎక్కువ, పింగాణీ బరువు ఎక్కువ, గ్యాలీలో, అంటే విమానంలోని చిన్న వంటగదిలో ఓవెన్ అరలు ఇన్నేనని ఉంటాయి. అందుకే 21 మంది బుక్ అయితే 23 ట్రేలు, అంతే.

వేడి వంటకాల లెక్క వేరు. డబ్బు పెట్టి ముందు సీట్లో కూర్చున్న మనిషికి "మీరు అడిగింది అయిపోయింది" అని చెప్పకూడదు కాబట్టి మనుషుల కంటే కొన్ని ఎక్కువ పంపుతారు. మా విమానానికి 20 మంది ఎంచుకోవలసి ఉంటే 25 వెళ్తాయి: శాకాహారం 9, చికెన్ 10, చేప 6. ఈ నిష్పత్తిని వెనకటి ప్రయాణాల్లో ఏది ఎంత తిన్నారో చూసి కడతారు. సిబ్బంది ప్రతి ప్రయాణం తర్వాత ఏది మిగిలిందో రాసి పంపుతారు, ఆ కాగితం రెండు రోజుల్లో మా బల్ల మీదికి వస్తుంది. పైలట్ల భోజనాలు ఈ లెక్కలో లేవు. ఇద్దరికీ వేర్వేరు వంటకాలు, విడి డబ్బాలో. ఒకదానిలో ఏదైనా తేడా ఉన్నా రెండోవారు ఆరోగ్యంగా ఉండాలని.

స్పెషల్ మీల్స్ సంగతి మాత్రం అమ్మానాన్నలకు టికెట్ కొనేవాళ్ళు వినాలి. ఏవీఎంఎల్ అంటే మన తరహా శాకాహారం. వీజీఎంఎల్ అంటే పాలు, పెరుగు కూడా లేనిది. డీబీఎంఎల్ మధుమేహం ఉన్నవాళ్ళకు. పేరు చూసి వీజీఎంఎల్ ఎంచుకుని, పెరుగన్నం లేదేమని బాధపడినవాళ్ళు ఎందరో. కనీసం 24 గంటల ముందు చెప్పాలి. చెప్పినవి మనిషి పేరుతో, సీటు నంబరుతో చీటీ అంటుకుని వెళ్తాయి.

ఇక జూలై 18, శుక్రవారం రాత్రి.

బుకింగులు 21, అందులో స్పెషల్ మూడు. 23 ట్రేలు, 25 వేడి వంటకాలు ట్రక్కు ఎక్కి 1.20కి వెళ్ళిపోయాయి. మేడమ్ ఆ రాత్రి సెలవు. బల్ల దగ్గర నేనొక్కదాన్నే. 1.55కి విమానాశ్రయం నుంచి ఫోను. వెనక క్యాబిన్‌లో సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్ముడయ్యాయట, నలుగురిని ముందుకు మారుస్తున్నారు. మరో ఇద్దరు కౌంటర్ దగ్గరే డబ్బు కట్టి ముందు సీట్లు కొనుక్కున్నారు. మొత్తం 27.

నాకు చేతులు చల్లబడ్డాయి. కాగితం మీద వేసి చూస్తే, స్పెషల్ ముగ్గురు పోను 24 మంది, వేడి వంటకాలు 25. సరిపోతాయి. ఊపిరి పీల్చుకున్న రెండు నిమిషాలకు ట్రేలు గుర్తొచ్చాయి. 27 మందికి 23. కూర ఉంది, విస్తరి లేదు! పళ్ళెం, చెంచాలు, మొదటి వంటకం, తీపి, ఏవీ లేకుండా ఉత్త కూర గిన్నె ఎవరి ముందు పెడతారు?

చల్లగదిలో ప్రతి విమానానికీ బయల్దేరేదాకా రెండు అదనపు ట్రేలు ఉంచుతారు. అవి తీయించాను. మిగిలిన రెండు అప్పటికప్పుడు కట్టాలి. చల్లని వంటకాల చెఫ్ అన్న షిఫ్టు ముగించి చేతులు కడుక్కుంటున్నాడు. విషయం చెప్పగానే మారుమాట లేకుండా మళ్ళీ చేతొడుగులు వేసుకున్నాడు. ఆయన మొదటి వంటకం పేరుస్తుంటే నేను గుడ్డ పరిచాను. తొందరలో ఉప్పు డబ్బీ కుడివైపు పెట్టాను. ఆయన చూసి, ఏమీ అనకుండా, ఎడమ మూలకు జరిపాడు. ట్రేలు పూర్తయ్యేసరికి 2.21. వాటితో పాటు వేడి వంటకాలు నాలుగు కూడా తీసుకున్నాం: రెండు శాకాహారం, ఒకటి చికెన్, ఒకటి చేప. భద్రతా సిబ్బంది ఎదుట తనిఖీ, బండి తలుపుకు సీలు, సీలు నంబరు కాగితం మీద. 2.34కి కదిలాం. కార్డు ఉంది కాబట్టి నేనూ ఎక్కాను. ట్రేలు నాలుగూ కదలకుండా దారంతా నా మోకాళ్ళతో పెట్టెను అదిమి పట్టుకున్నాను. గేటు దగ్గర మళ్ళీ తనిఖీ, ఎనిమిది నిమిషాలు.

విమానం దగ్గరికి 2.57కి చేరాం. గ్యాలీలో సిబ్బంది పెద్దావిడ ట్రాలీ తలుపు తెరిచి, చూపుడువేలుతో ఒక్కో అరనూ తాకుతూ లెక్కపెట్టింది. ఇరవై మూడు దగ్గర వేలు ఆగింది. నేను పెట్టె ముందుకు జరిపాను. ఇరవై నాలుగు, అయిదు, ఆరు, ఏడు. సంతకం పెట్టింది. అప్పుడు అడిగింది, ముందుకు మారినవాళ్ళలో ఒకరు ఏవీఎంఎల్ చెప్పుకున్నారు, అది ఎక్కడని. అది వెనక క్యాబిన్ ట్రాలీలో, రేకు డబ్బాలో ఉంది. మనిషి సీటు మారినా భోజనం తనంతట తాను మారదు. సిబ్బందిలో ఒకరు వెళ్ళి వెనక నుంచి తెచ్చారు. పెద్దావిడ అడిగి ఉండకపోతే ఆ ప్రయాణికుడు తను చెప్పిన భోజనం ఎక్కించలేదనే అనుకునేవాడు. మీ సీటు చివరి నిమిషంలో మారితే, ఎక్కగానే మీ స్పెషల్ మీల్ గురించి నోరు తెరిచి చెప్పండి.

రెండు రోజులకు కాగితం వచ్చింది. 27 మందిలో తొమ్మిది మంది తినకుండా నిద్రపోయారు. నేను బండిలో మోకాళ్ళతో పట్టుకుని తీసుకెళ్ళిన నాలుగింటికీ రెట్టింపు కంటే ఎక్కువ చెత్తలోకి పోయాయన్నమాట. ఏడుపొచ్చింది. మేడమ్ మాత్రం కాగితం ఫైల్లో పెడుతూ, "నిద్రపోయినవాళ్ళు మేల్కొని ఉంటే?" అంది.

ఆషాఢం కాబట్టి పెళ్ళిళ్ళు లేక నాయన ఇంట్లోనే ఉన్నాడు. ఆదివారం ఇంటికెళ్ళి చెప్పాను. ట్రేలు తక్కువైన సంగతికి ఆశ్చర్యపోలేదు. "కూర మిగిలి ఆకులు చాలని పెళ్ళి నేనూ చూశాను బిడ్డా. అప్పటి నుంచి ఆకులు నేనే తీసుకెళ్తాను" అన్నాడు. కాసేపాగి, "శ్రావణం వస్తోంది. మీ విమానంలో శాకాహారం లెక్క పెంచుతారా?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. జూలై 25న శ్రావణం మొదలైంది. 26వ తేదీ శనివారం ప్రయాణం కాగితం 28న వచ్చింది: శాకాహారం తొమ్మిదీ ఖాళీ, చికెన్ ఏడు మిగిలింది. చూశాను. చేరి ఐదు నెలలు కాని నా మాట ఎవరు వింటారని ఊరుకున్నాను. ఆగస్టు 2, మళ్ళీ శనివారం. ఆ కాగితంలో సిబ్బంది చేతిరాతతో ఒక వాక్యం ఉంది: ఏడో వరుసలో పెద్దవయసు మహిళ, ఈ రోజు మాంసాహారం ముట్టనన్నారు, శాకాహారం అయిపోయింది, బ్రెడ్డు, పండ్లు మాత్రమే తీసుకున్నారు. ఆమె స్పెషల్ మీల్ చెప్పుకోలేదు. మామూలు రోజుల్లో అన్నీ తినే మనిషై ఉంటుంది, ఎందుకు చెప్పుకుంటుంది? మా అమ్మ కూడా శ్రావణ శనివారం గుడ్డు కూడా తాకదు. ఆ రాత్రి ఆకలితో కూర్చున్నది మా అమ్మే అయినట్టు అనిపించింది. వారం ముందు నేను నోరు తెరిచి ఉంటే ఆమెకు భోజనం అందేది.

ఆగస్టు 4న మేడమ్‌కు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, "రాయి, నేను పంపుతాను" అంది. మూడు వారాల కాగితాల్లోని అంకెలు, కింద శ్రావణ శుక్ర, శనివారాల తేదీలు రాసిచ్చాను. ఆ విమానసంస్థ దగ్గర ఏ వారం ఏది ఎంత తిన్నారో అన్నీ ఉన్నాయి, మన మాసాలు మాత్రం లేవు. జవాబుకు తొమ్మిది రోజులు. 13న వచ్చింది: 23వ తేదీ దాకా ఆ రోజుల్లో శాకాహారం 14, చికెన్ 8, చేప 3. మొత్తం 25కి ఒక్కటి కూడా పెంచలేదు, సర్దుబాటు మాత్రమే. 16వ తేదీ శనివారం శాకాహారం పద్నాలుగింటిలో పన్నెండు తిన్నారు, రెండు మిగిలాయి. అందలేదన్న మాట కాగితంలో ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను.

జీతం అడుగుతారు కాబట్టి అది కూడా: కోతలు పోను చేతికి 16,400. శంషాబాద్‌లో హాస్టల్ 5,500. రాత్రి షిఫ్టుకు కంపెనీ బండి వస్తుంది. ప్రొబేషన్ తర్వాత కొంత పెరుగుతుందన్నారు, కాగితం ఇంకా ఇవ్వలేదు.

మొన్న సెప్టెంబర్ 1న మేడమ్ కార్తీకం సంగతి కూడా ఇప్పుడే పంపుదామంది. నాయనకు ఫోను చేశాను. పంచాంగం తెరిచి చదివాడు: అక్టోబర్ 22 నుంచి నవంబర్ 20 దాకా. సోమవారాలు అక్టోబర్ 27, నవంబర్ 3, 10, 17. "అయ్యప్ప మాలలు కూడా అప్పుడే మొదలవుతాయి, సంక్రాంతి దాకా ఉంటాయి, అది కూడా రాయి" అన్నాడు. రాశాను. జవాబు ఇంకా రాలేదు.